కాదనడం తెలిసిన యంత్రం

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లల్ని ప్రాజెక్టు ఏమిటని అడిగితే నూటికి తొంభై మంది ముందు యంత్రం పేరు చెప్తారు. ఎవరి కోసం అన్నది ఆ తర్వాత, అదీ మనం అడిగితేనే వస్తుంది. "పసిబిడ్డకు డబ్బాపాలు తనంతట తానే తయారుచేసి పోసే రోబో" అలాంటి పేరే. వినడానికి బాగుంటుంది, ఎగ్జిబిషన్‌లో జనం మూగుతారు, పేపర్లో ఫొటో కూడా పడొచ్చు. ఈ అధ్యాయంలో ఆ రోబోనే మొదటినుంచి రూపొందిద్దాం. ఎయిర్ కండిషన్ ల్యాబ్‌లో మాత్రం వద్దు, అనంతపురంలో పెట్టి చూద్దాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అది. అంతకూడా పడని ఏళ్లే జనానికి ఎక్కువ గుర్తుంటాయి. బోర్లు వందల అడుగులు దిగిన చోట నీళ్లతోపాటు ఫ్లోరైడ్ కూడా పైకొస్తుంది. పాలపొడిలో నీళ్లు కలిపే యంత్రానికి ఇంతకన్నా కఠినమైన పరీక్షాకేంద్రం దొరకదు.

మొదటి ప్రశ్న: ఇది ఎవరికి కావాలి?

తల్లి దగ్గరుండి, పాలు పడుతున్న బిడ్డకు అక్కర్లేదు. మొహమాటం లేకుండా దీన్ని ప్రాజెక్టు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. కరువు సీమలో ఈ మాటకు అదనపు బలం ఉంది. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే. ఆరు నెలల లోపు బిడ్డకు, మే నెల ఎండల్లో కూడా, తల్లిపాలు తప్ప చుక్క మంచినీళ్లు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఇంకో విశేషం చూడండి. తల్లి ఫ్లోరైడ్ నీళ్లు తాగుతున్నా, అది పాలలోకి దిగేది అతి స్వల్పం. కంపెనీలు అమ్మే ఫిల్టర్ చేయాల్సిన పనిని తల్లి ఒళ్లే చేస్తోంది. ఆ ఫిల్టర్‌తో పోటీపడే యంత్రం మనకెందుకు?

తల్లి పాలు పిండి ఇవ్వగలిగితే అదే రెండో దారి. మూడోది, ఇంకొక తల్లి దానం చేసిన పాలు. ఆసియాలో తొలి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబై సయన్ ఆసుపత్రిలో మొదలైంది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 'ధాత్రి' పేరుతో అలాంటి బ్యాంకు ఉంది. ఈ దారులన్నీ మూసుకుపోయాకే డబ్బాపాల వంతు. అప్పుడు మిగిలేది ఎవరు? తల్లిని కోల్పోయిన బిడ్డ. ఎవరో వదిలేసి వెళ్తే శిశుగృహకు చేరిన బిడ్డ. తల్లి తీసుకునే మందుల వల్ల డాక్టరే పాలు వద్దన్న బిడ్డ. సంఖ్యలో కొద్దిమందే, కానీ వీళ్లకు వేరే దిక్కు లేదు.

మన చట్టం కూడా ఇదే చోట గీత గీసింది. 1992లో వచ్చి 2003లో సవరణ పొందిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం డబ్బాపాలకూ పాలసీసాలకూ ప్రకటనలు నిషేధించింది. ఉచిత శాంపిళ్లు కూడదంది. డబ్బా మీద బిడ్డ బొమ్మగానీ తల్లి బొమ్మగానీ వేయకూడదంది. డబ్బాపాలను, పాలసీసాలను అనాథాశ్రమాలకు దానమివ్వడానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. కాబట్టి మీ రోబో మీద బోసినవ్వుల స్టిక్కర్ అంటించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. దాన్ని బాలింతల వార్డు వరండాలో ప్రదర్శనకు పెట్టే ఆలోచన కూడా. మీ వాడుకదారు ఎవరో ఇప్పుడు తేలింది: ఒక గదిలో పది ఉయ్యాలలు, రాత్రి డ్యూటీలో ఒక ఆయమ్మ.

రెండో ప్రశ్న: పేరులో ఉన్న పనులన్నీ ఈ యంత్రమే చేయాలా?

"తయారుచేసి పోసే" అన్నాం. పాలపొడిని తయారుచేయడమంటే ఏమిటో ఒకసారి చూడండి. ఆవుపాలలో మాంసకృత్తులు దాదాపు 80 పాళ్లు కేసీన్, 20 పాళ్లు వే. తల్లిపాలలో వే వాటా ఎక్కువ. లాక్టోజ్ తల్లిపాలలో ఎక్కువ, ఆవుపాలలో తక్కువ. సోడియం ఆవుపాలలో ఎక్కువ, పసికందు మూత్రపిండాలు దాన్ని మోయలేవు. ఇనుము చాలదు. వీటన్నిటినీ సరిచేసి, పొడిగా ఆరబెట్టి, క్రిములు చేరకుండా డబ్బాకెక్కించాలి. గేదెపాలతో పసిపిల్లల ఆహారం చేసే పద్ధతి మీద మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 1950లలో పనిచేశారు. దాన్ని అముల్ అందిపుచ్చుకుంది. 1955 అక్టోబరు 31న నెహ్రూ ప్రారంభించిన ఆనంద్ డెయిరీలో గేదెపాలను పొడిచేసే యంత్రాలు నడవబట్టే అది సాధ్యమైంది. ఒక ప్రయోగశాల, ఒక సహకార సంఘం, ఒక కర్మాగారం కలిస్తే అయిన పని అది. పైగా శిశు పాల ప్రత్యామ్నాయాలకు ఐఎస్ 14433 అనే ప్రత్యేక ప్రమాణమే ఉంది. హాస్టల్ గదిలో ఆర్డునో బోర్డు పెట్టుకుని చేసేది కాదు.

కాబట్టి "తయారుచేసి" అన్న మాట కొట్టేయండి. ప్రాజెక్టు చిన్నదైపోయిందని బాధపడకండి. పెద్ద పేరున్న ప్రాజెక్టును సగానికి కోసి, ఆ సగాన్ని పూర్తిగా చేసినవాడు ఇంటర్వ్యూలో తడబడగా నేను చూడలేదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ అతని దగ్గర జవాబుంటుంది.

మూడో పని, శిశుగృహకు వెళ్లి కూర్చోవడం. అనుమతి తీసుకుని, చేతులు కడుక్కుని, ఫోన్ జేబులో పెట్టుకుని, ఒక రాత్రి ఆయమ్మ పక్కన కూర్చోండి. ఆమెకు ఏం కావాలో అడగొద్దు, "రోబో కావాలి" అని ఎవరూ చెప్పరు. ఏం చేస్తోందో చూడండి. మూడు కిలోల బిడ్డకు కిలోకు 150 మిల్లీలీటర్ల లెక్కన రోజుకు 450 మిల్లీలీటర్ల పాలు. ఎనిమిది సార్లుగా పడితే ఒక్కోసారి అరవైకి కాస్త తక్కువ. మన దగ్గర దొరికే చాలా డబ్బాలకు 30 మిల్లీలీటర్ల నీటికి ఒక చెంచా పొడి లెక్క. అంటే ఒక బిడ్డకు ఒక్క పూటకు రెండు చెంచాలు. సులువే కదా అనిపిస్తుంది. పది మంది బిడ్డలకు, రాత్రి రెండు గంటలకు, ఇద్దరు ఒకేసారి ఏడుస్తుంటే ఇరవై చెంచాలు లెక్కపెట్టి చూడండి.

ఆమె మీతో ఇలా అనే అవకాశం ఉంది: "మూడేసినానా నాలుగేసినానా అని మర్సిపోతాం నాయనా. పారబోసి మళ్లా కలపల్ల. పారబోస్తే డబ్బా జాస్తి అయిపాయ అని లెక్క అడుగుతారు."

ఆ మూడు ముక్కల్లో మీ ప్రాజెక్టు అంతా ఉంది. ఆమె ఇబ్బంది కలపడంలో లేదు, లెక్క తప్పడంలో ఉంది. లెక్క తప్పినప్పుడు పారబోయడానికి భయపడాల్సి రావడంలో ఉంది. పొడి తక్కువైతే బిడ్డ కడుపు నిండినట్టే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. ఎక్కువైతే ఒంట్లో ఉప్పు శాతం పెరిగి, వేసవిలో బిడ్డ నీరు తగ్గి వడలిపోతాడు. ఇళ్లలోనైతే ఇంకో కోణం ఉంది. పైన చెప్పిన లెక్క ప్రకారం 400 గ్రాముల డబ్బా ఒక బిడ్డకు వారం కూడా రాదు. కూలి డబ్బులతో కొన్న డబ్బాను పది రోజులు లాగాలంటే నీళ్లు ఎక్కువ పోయక తప్పదు. దీన్ని అజ్ఞానం అని రాసే రిపోర్టులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది లేమి. దాన్ని ఏ రోబో తీర్చలేదు.

ఇప్పుడు అసలు రూపకల్పన. యంత్రం ఏమేం చేయాలో రాసే ముందు ఏమేం చేయనని మొరాయించాలో రాయండి. ఈ ఒక్క అలవాటు కోసమే ఈ అధ్యాయం రాస్తున్నాను. టీ మెషిన్ ఒక కప్పు పలచగా పోస్తే తిట్టుకుని తాగుతాం. ఇక్కడ తాగేవాడికి నెల రోజులు, రుచి బాగాలేదని చెప్పలేడు.

మొదటి మొరాయింపు నీళ్ల దగ్గర. మరిగిస్తే చాలు శుభ్రమన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకం. మరుగుకు క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు, నైట్రేట్ చావదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో వాటి గాఢత పెరుగుతుంది. మన ప్రమాణాల్లో తాగునీటికి ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరక్కపోతే 1.5 దాకా. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు. నైట్రేట్ ఎక్కువైతే పసికందుల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుంది. సత్యసాయి ట్రస్టు 1990లలో అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీటి పథకం కట్టిందంటే ఊరి బోర్ల మీద ఆధారపడి బతకడం ఎంత కష్టమో అర్థం చేసుకోవచ్చు. మీ యంత్రం కుళాయి గొట్టానికి నేరుగా తగిలించేది కాకూడదు.

విద్యార్థులు ఇక్కడ టీడీఎస్ పెన్ను తెస్తారు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, నీళ్లలో ముంచగానే అంకె చూపిస్తుంది, ప్రదర్శనలో బాగుంటుంది. కానీ అది కరిగిన లవణాలు మొత్తం ఎన్నో చెప్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. 300 చూపించిన నీటిలో ఫ్లోరైడ్ 2 ఉండొచ్చు. చవగ్గా కొలవగలిగినదాన్నే కొలిచి, కావాల్సింది కొలిచామనుకోవడం చాలా పాత జబ్బు. 2008లో చైనాలో జరిగింది అదే. పాలలో మాంసకృత్తుల్ని నత్రజని లెక్కతో కొలిచేవారు కాబట్టి, నీళ్లు కలిపిన పాలలో నత్రజని ఎక్కువున్న మెలమైన్ కలిపారు. అంకె బాగా వచ్చింది. ఆరుగురు పసివాళ్లు చనిపోయారు, దాదాపు మూడు లక్షల మంది జబ్బుపడ్డారు.

మరేం చేయాలి? ఫ్లోరైడ్‌ను యంత్రంలోనే కొలిచే ఎలక్ట్రోడ్ మీ బడ్జెట్‌లో రాదు. కొలవలేనని యంత్రం చేతే ఒప్పించండి. నీటి పరీక్ష రిపోర్టు తేదీని అందులో ఎక్కించే ఏర్పాటు పెట్టండి. మూడు నెలలు దాటితే ఎర్ర దీపం, "నీళ్లు పరీక్ష చేయించండి" అన్న తెలుగు అక్షరాలు. ఆర్‌ఓ ఫిల్టర్ పొర అరిగే కొద్దీ దాని పనితనం తగ్గుతుంది, కాబట్టి ఫిల్టర్ ఉందన్న ధీమా మీద కూడా ఈ తాళం ఉండాలి.

రెండో మొరాయింపు వేడి దగ్గర. పాలపొడి డబ్బా సీలు తీయకముందు కూడా పూర్తిగా క్రిమిరహితం కాదు, ఇది చాలామందికి తెలియదు. క్రోనోబాక్టర్ అనే సూక్ష్మజీవి పొడిలో నెలల తరబడి బతికి ఉంటుంది. రెండు నెలల లోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు అది ప్రాణాంతకం. 2022లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఒక పెద్ద ఫ్యాక్టరీ ఈ కారణంగానే మూతపడి, దేశమంతా పాలడబ్బాలకు కటకటలాడింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) కలిసి 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పొడి కలిపే నీరు 70 డిగ్రీలకు తగ్గకూడదన్నారు.

మీరు డీఎస్18బీ20 సెన్సర్ కొని బాయిలర్‌లో పెడతారు. అది 70 చూపిస్తుంది. అక్కడినుంచి అరవై మిల్లీలీటర్ల నీరు చల్లటి స్టీలు గిన్నెలో పడేసరికి ఎంతుంటుంది? గిన్నెలో థర్మామీటరు పెట్టి చూడండి, 60 చిల్లర కనిపిస్తే ఆశ్చర్యపోకండి. కొంచెం నీరు, ఎక్కువ లోహం, వేడి ఇట్టే పోతుంది. సెన్సర్ ఉండాల్సింది బిడ్డ తాగే గిన్నె దగ్గర. అక్కడ 70 లేకపోతే యంత్రం ఆ పాలు ఇవ్వకూడదు.

మూడోది పొడి. ఈ రకం యంత్రాలన్నిటికీ ఇదే గండం, కాబట్టి దగ్గరగా చూద్దాం. పొడి పడే గొట్టం మూతి కింద వేడినీళ్ల గిన్నె ఉంటుంది. గిన్నె నుంచి ఆవిరి లేచి గొట్టం మూతికి తగులుతుంది. మొదటిసారి మూతి అంచున పొడి తేమ పట్టి సన్నటి పూతలా అంటుకుంటుంది. నాలుగైదు సార్లకు ఆ పూత గట్టిపడి, దారి సగం మూసుకుంటుంది. లోపల మర ఎప్పటిలాగే ఒక చుట్టు తిరుగుతుంది, కంప్యూటర్ లెక్కలో రెండు చెంచాలు పడ్డాయి, గిన్నెలో పడింది ఒకటిన్నర. ఎవరికీ తెలియదు. మర ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే యంత్రం ఇక్కడ అబద్ధం చెప్తుంది.

అందుకే గిన్నె కింద తూకం ఉండాలి. కిలో లోడ్ సెల్, హెచ్‌ఎక్స్711 బోర్డు, రెండూ కలిపి మీ ఊళ్లో బిర్యానీ ఖర్చు. ముందు ఖాళీ గిన్నెలో పొడి పోసి తూచి, గొట్టం మూతిని పక్కకు తిప్పి మూసేశాక, నీళ్లు కలిపే వరస పెట్టండి. ఆవిరి, పొడి ఒకదాన్నొకటి చూడకూడదు. రెండు చెంచాలంటే తొమ్మిది గ్రాముల లోపు. ఒక్క గ్రాము తేడా వస్తే పది శాతం పైనే తప్పు. పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే ఆ గాలికే తూకం ఊగుతుంది. అనంతపురంలో వేసవి రాత్రి ఫ్యాను ఆపమని ఎవరికీ చెప్పలేం, కాబట్టి తూకం చుట్టూ గాలి తగలని డబ్బా కట్టండి. తూకం నిలకడగా లేకపోతే యంత్రం ఆగిపోవాలి. "దాదాపు సరిపోయింది" అన్న మాట దానికి నేర్పకండి.

నాలుగోది గడియారం. కలిపిన పాలు రెండు గంటల్లో తాగించాలి, మిగిలింది పారబోయాలి. ఐదోది కరెంటు. కలుపుతుండగా పోయి మళ్లీ వస్తే, ఆగిన చోటినుంచి మొదలెట్టడం ప్రోగ్రామర్లకు ముచ్చట. ఇక్కడ అది నేరం. మొదటినుంచి చేయాలి, సగంలో ఉన్నది పారబోయించాలి. పారబోసిన ప్రతిసారీ ఎందుకు పారబోయాల్సి వచ్చిందో యంత్రమే రాసి పెట్టుకోవాలి. రేపు డబ్బాలెందుకు ఎక్కువయ్యాయని ఆయమ్మను నిలదీస్తే ఆ చిట్టాయే ఆమెకు సాక్షి. ఈ ఒక్క సౌకర్యానికి ఆమె మీ యంత్రాన్ని ఇష్టపడుతుంది.

ఇక చల్లార్చడం. 70 డిగ్రీల పాలు బిడ్డకు పట్టలేం. కుళాయి కింద పెట్టి చల్లార్చమని మాన్యువల్స్ చెప్తాయి. ఏప్రిల్‌లో డాబా మీది ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి, పైగా అలా నీళ్లు వదిలేసే ఊరు కాదిది. పొడిగాలి ఉన్న చోట మట్టికుండ బాగా పనిచేస్తుంది. కుండనీటిని చిన్న పంపుతో గిన్నె చుట్టూ తిప్పి, మళ్లీ కుండలోకే పంపండి. ఆ నీరు పాలలో కలవకుండా చూసుకుంటే చాలు.

పాలసీసా వద్దు. సీసా మెడ, రబ్బరు పీక మూలలు కడగడానికి బోలెడు నీళ్లు, బ్రష్షు, మరిగించడం కావాలి. ఉగ్గుగిన్నె మన పెద్దవాళ్లు వాడిందే. వెడల్పు మూతి, మూలలు లేవు, ఒక్క చూపులో శుభ్రంగా ఉందో లేదో తెలుస్తుంది. పిల్లల డాక్టర్లు నెలలు నిండని బిడ్డలకు నేటికీ దాన్నే వాడిస్తున్నారు. యంత్రం దాంట్లో పోస్తే చాలు. బిడ్డ నోటి దాకా తెచ్చే మరచేయి మీ డ్రాయింగులో ఉంటే తీసేయండి. బిడ్డ మింగుతున్నాడా, పొలమారుతోందా అన్నది పట్టుకున్న మనిషికి తెలుస్తుంది. పైగా తల్లి లేని బిడ్డకు రోజుకు ఎనిమిదిసార్లు ఒడి దొరికేది ఆ పది నిమిషాలే. దాన్ని కూడా మనం ఆటోమేషన్ పేరుతో లాక్కోకూడదు.

చేయి తీసేశాం, తయారీ తీసేశాం, బోసినవ్వుల స్టిక్కర్ ఎప్పుడో పోయింది. మిగిలింది ఒక తూకం, ఒక వేడి సెన్సర్, ఒక గడియారం, ఒక ఎర్ర దీపం, ఒక చిట్టా. దీన్ని రోబో అనొచ్చా అని ఎగ్జామినర్ అడగవచ్చు. అడగనివ్వండి. నెస్లే కంపెనీ 2011లో స్విట్జర్లాండ్‌లో క్యాప్సూళ్లతో పసిపిల్లల పాలు కలిపే 'బేబీనెస్' యంత్రం తెచ్చింది. ప్రతి పూటకూ ఒక ఖరీదైన క్యాప్సూల్ కొనాల్సి వచ్చేది. అది అక్కడి వంటింటికి సరిపోయే జవాబు. మనది వేరే గదికి జవాబు.

కరెంటు లెక్క కూడా ఒకసారి చేసుకోండి, ధైర్యం వస్తుంది. 450 మిల్లీలీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరుగు దాకా తేవడానికి సుమారు 132 కిలోజౌళ్లు, అంటే 37 వాట్ అవర్లు. పదిమంది బిడ్డలకు రోజుకు 370, వృథాతో కలిపినా యూనిట్ లోపే. నంబులపూలకుంట దగ్గర వేల ఎకరాల్లో సోలార్ పార్కు పెట్టిన ఎండ ఇది. డాబా మీద ఒక పెద్ద పలక, కింద ఒక బ్యాటరీ ఉంటే రాత్రి రెండు గంటల పూట కూడా నడుస్తుంది.

పరీక్షించేటప్పుడు బిడ్డ దగ్గరికి తీసుకెళ్లకండి. ఇది ఆఖరి మాటగా కాకుండా మొదటి షరతుగా పెట్టుకోండి. నీళ్లు, పొడి, తూకం, థర్మామీటరు, వీటితో ల్యాబ్‌లోనే నూరుసార్లు నడపండి. కావాలని పాడుచేయండి: ప్లగ్గు పీకండి, మూతిలో తడిపొడి కుక్కండి, తూకం మీద మోచేయి ఆనించండి, చల్లటి నీళ్లు పోయండి. ప్రతిసారీ అది ఆగిందా? ఆగని ఒక్కసారి గురించే మీ రిపోర్టులో రెండు పేజీలు రాయండి. మంచి ఎగ్జామినర్ ముందుగా తిప్పేది ఆ పేజీలే. ఆ తర్వాత పిల్లల డాక్టరు, ఆహార భద్రతా అధికారి, చట్టం తెలిసినవాళ్లు చూడకుండా ఒక్క గిన్నె కూడా ఏ బిడ్డ నోటికీ చేరకూడదు.

జేఎన్‌టీయూలోనో పాలిటెక్నిక్‌లోనో చదువుతున్నారా, సొంతంగా షెడ్డులో ఏదో బిగిస్తున్నారా, మీ ఇష్టం. సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకముందు ఈ వారమే ఒక పని చేయండి. మీరు ఎంచుకున్న గదిలో వాడే తాగునీటిని శుభ్రమైన లీటరు సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు తీసుకెళ్లి, ఫ్లోరైడ్, నైట్రేట్ రెండూ పరీక్ష చేయించండి. ఆ కాగితం చేతికొచ్చాకే డిజైన్ మొదలుపెట్టండి.